చెట్టు కొట్టాక మిగిలే పని

కోనసీమలో అప్పనపల్లి, పాశర్లపూడి, నగరం ఊళ్ల చుట్టుపక్కల చెట్లు కొట్టే పని చేసుకునేవాళ్లకు బాగా అలవాటైన ఫోన్ ఒకటుంది. ప్రహరీ కట్టుకోవడానికో, పాత పెంకుటింటి పక్కన రెండు గదులు వేసుకోవడానికో అడ్డంగా ఉందని వేసవిలో ఏ కానుగనో, నిద్రగన్నేరునో కొట్టిస్తారు. కూలి ముట్టజెబుతారు. దుంగలు ట్రాక్టరు ఎక్కుతాయి, కొమ్మలు పొయ్యి కిందికి పోతాయి. మృగశిర కార్తెలో రెండు వానలు పడీ పడగానే ఇంటాయన ఫోన్ చేస్తాడు. "ఏవయ్యా, మొన్ననే కదా కొట్టించాం, అప్పుడే గుబురు కట్టేసిందేంటి?" "ఆయ్, వేరు బతికుందండీ." "మరి ఆ మాట అప్పుడే చెప్పొద్దా?"

అవును, అప్పుడే చెప్పాలి. చెట్టు కొట్టడం ఒక పని, మోడును చంపడం ఇంకో పని. మొదటిదానికి బలం, మిషన్ రంపం, నలుగురు మనుషులు కావాలి. రెండోదానికి ఒక్క మనిషి చాలు గానీ నెలల తరబడి వరస తప్పకుండా వెళ్లి రావాలి. రెంటినీ కలిపి ఒకే కూలికి ఒప్పుకుంటే రెండోది ఎప్పుడూ మధ్యలోనే ఆగిపోతుంది. ఆగిపోయాక విసుగెత్తి ఎవరో ఒకరు గడ్డిమందు డబ్బా పట్టుకొస్తారు. మన నేల, మన నీళ్లు ఉన్న తీరులో అది మంచి దారి కాదు. మోడు పనికి విడిగా ధర మాట్లాడుకుని, పద్ధతిగా చేసి, బతుకుతెరువులో దాన్నీ ఒక భాగం చేసుకోమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మోడు ఎందుకు చిగురిస్తుందో తెలియాలి. అది తెలిస్తే మిగతాదంతా ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. చెట్టుకు తిండి వండేది ఆకు. వాడుకోగా మిగిలినదాన్ని పిండి పదార్థంగా మార్చి వేళ్లలోనూ, మొదలులోనూ దాచుకుంటుంది. మాను కొట్టేసినా ఆ నిల్వ నేలలో భద్రంగానే ఉంటుంది. బెరడు అడుగున ఏళ్ల తరబడి నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పైన కొమ్మల చివళ్లు బతికి ఉన్నంతకాలం అక్కడినుంచి దిగే ఆక్సిన్ అనే రసాయనం వాటిని అణిచి ఉంచుతుంది. తల తెగగానే ఆ అదుపు పోతుంది. నిల్వ ఉన్న పిండి తిని మొగ్గలన్నీ ఒకేసారి లేస్తాయి. నలభై ఏళ్ల చెట్టు వేళ్లలో ఉన్నదంతా ఆ పిలకల వెనక ఉంటుంది కాబట్టే, విత్తనం మొక్క ఏడాదికి పెరిగేంత ఎత్తు పిలక ఒక్క వానాకాలంలో పెరిగిపోతుంది.

కొట్టిన మూడు నాలుగు వారాలకు కానుగ మోడు దగ్గర ఒకసారి వంగి చూడండి. కోసిన ముఖం మీద నడిమి చేవ ఎండి బీటలు తీసి ఉంటుంది, అక్కడ ఏమీ రాదు. అంచున, బెరడుకూ కట్టెకూ మధ్య సన్నని పచ్చటి గీత ఒకటి కనిపిస్తుంది. ప్రాణమంతా అక్కడుంది. ఆ గీత వెంట మెటికల్లా చిన్న చిన్న బుడిపెలు పొడుచుకొస్తాయి. కాస్త కిందికి, బెరడు చీల్చుకుని, నేల అంచున గుంపులు గుంపులుగా పిలకలు లేస్తాయి. వాటి ఆకు మొదట రాగి రంగులో, నూనె రాసినట్టు మెరుస్తూ, మెత్తగా వేలాడుతుంది. తర్వాత లేత పచ్చ, ఆ తర్వాత ముదురు పచ్చ. మీరు కనిపెట్టవలసింది ఈ రంగు మార్పునే. రాగి రంగులో, లేత పచ్చలో ఉన్నంతకాలం పిలక వేరు దగ్గర అప్పు తిని పెరుగుతోందని అర్థం. ఆకు ముదిరి గట్టిపడిందంటే అప్పు తీర్చడం మొదలుపెట్టినట్టే. అంటే ముదరకముందే తీసేసిన ప్రతి పిలకా వేరుకు నష్టం. ముదిరాక తీస్తే వేరు తిన్నది తిని, దాచుకున్నది దాచుకుని మళ్లీ మొలుస్తుంది. ఏడాదికి ఒకసారి వచ్చి కత్తితో నరికేసి పోయేవాళ్ల మోడు పదేళ్లయినా చావకపోవడానికి కారణం ఇదే.

అన్ని చెట్లూ ఇలా తిరిగి రావు. కానుగ, వేప, చింత, నేరేడు, నిద్రగన్నేరు, సుబాబుల్, గంగరావి, రావి, మునగ మొండివి. సరుగుడు నేలమట్టంగా కోస్తే పెద్దగా తిరిగి లేవదు, అందుకే రైతులు మళ్లీ నారు నాటుకుంటారు. ముసలి మామిడి అంత జోరుగా రాదు. వస్తే మాత్రం ఒక సంగతి ఇంటివాళ్లకు చెప్పండి: అంటు మామిడి మోడు అంటు కట్టిన చోటుకు దిగువన చిగురిస్తే ఆ పిలక నాటు వేరుది. అది కొత్తపల్లి కొబ్బరి చెట్టయినా సరే, పిలకను పెంచితే కాసేది కొత్తపల్లి కొబ్బరి కాయ కాదు.

ఈమధ్య మన చేతికి ఎక్కువగా వస్తున్నది కోనోకార్పస్. గుబురుగా, పచ్చగా, గోడలా పెరుగుతుందని ఇళ్ల ముందూ రోడ్ల నడుమా వేశారు. తెలంగాణలో హరితహారం కింద దాన్ని నాటడం ఆపేశారు, గుజరాత్ 2023లో నిషేధించింది, మన రాష్ట్రంలోనూ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ 2024లో దాన్ని నాటొద్దని పిలుపునిచ్చారు. ఆ మాట విని చాలామంది కొట్టించేస్తున్నారు. ఇది కత్తిరించేకొద్దీ గుబురుకట్టే జాతి, పైగా కొమ్మ గుచ్చితే వేరు పట్టేది. కాబట్టి మోడు ఒక్కటే చూసుకుంటే చాలదు, కొట్టిన పచ్చి కొమ్మలను కాలవ గట్టున తడి నేలలో పడేసి పోకూడదు. మునగకూ గంగరావికీ ఇదే జాగ్రత్త. గంగరావి పచ్చి గుంజ కంచెకు పాతితే చెట్టయిపోవడం మనందరం చూసిందే.

కొబ్బరి సంగతి పూర్తిగా వేరు. దానికి ఉన్నది ఒకే ఒక్క మొవ్వు. మొవ్వు పోయిందంటే చెట్టు పోయినట్టే, మొద్దు నుంచి పిలక రాదు. రాదు కదా అని వదిలేస్తేనే అసలు ప్రమాదం. కుళ్లుతున్న కొబ్బరి మొద్దు కొమ్ము పురుగుకు పురిటిల్లు. తల్లి పురుగు అందులో గుడ్లు పెడుతుంది, తెల్లటి లావుపాటి పిల్ల పురుగులు ఆ పొట్టు తిని పెరుగుతాయి, రెక్కలొచ్చాక ఎగిరి పక్క చెట్ల మొవ్వులు తొలుస్తాయి. పచ్చిగా కోసిన ముఖం వాసనకు ఎర్రముక్కు పురుగు కూడా చేరుతుంది. చెట్టు గానోడెర్మా తెగులుతో (మన రైతులు బంక కారడం అంటారు) పోయి ఉంటే ఆ శిలీంధ్రం మొద్దులో, వేళ్లలో బతికే ఉండి నేల ద్వారా పక్క చెట్టుకు పాకుతుంది. కాబట్టి కొబ్బరి మోడును దుంపతో సహా తవ్వి తీయాలి, చీల్చాలి, ఎండబెట్టాలి, పొయ్యికి వాడేయాలి. తెగులు చెట్టయితే చుట్టూ రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీసి మిగతా తోట నుంచి వేరుచేయాలి. తవ్వడానికి వీల్లేని చోట ఏం చల్లాలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే చెబుతారు. కొమ్ము పురుగుకు మెటారైజియం, గానోడెర్మాకు ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాల గురించి అక్కడే తెలుసుకోవచ్చు. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ తోటలు నేలకొరిగిన రోజులు చూసినవాళ్లకు తోటలో కుళ్లే మొద్దు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఏ తుపాను తర్వాతయినా మొదట తీయవలసింది వాటినే.

మళ్లీ పిలకలు వేసే చెట్ల దగ్గరకొద్దాం. పని ఒప్పుకునే ముందు ఇంటివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "చెట్టు అసలు వద్దా, లేక చిన్నగా ఉంటే చాలా?" చాలామందికి చెట్టు మీద కోపం ఉండదు, కొమ్మ పెంకుల మీద పడుతోందనో, ఆకు చెత్త ఊడ్చలేకపోతున్నామనో బాధ. వాళ్లకు కొమ్మలు తగ్గిస్తే సరిపోతుంది. ఒక్క వేప పిలకను ఉంచి పెంచుకోమన్నా సంతోషిస్తారు. నిజంగా వద్దంటేనే చంపే పని. తర్వాత అనుమతి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత స్థలంలో చెట్టు కొట్టడానికి కూడా అనుమతి అవసరం కావచ్చు. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. ఏది ఏమిటో అటవీ శాఖ వాళ్లను అడిగి, కాగితం ఇంటివాళ్ల పేరు మీదే తీయించండి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే రంపం మన చేతిలో ఉంటుంది కాబట్టి ముందు అడిగేది మనల్నే. కరెంటు తీగ పక్కన ఉంటే లైన్‌మన్ చేత లైన్ క్లియర్ (ఎల్సీ) తీయించకుండా చెట్టు ఎక్కొద్దు. కొబ్బరి దింపు పనితోపాటు ఈ పని చేసే అన్నదమ్ములు కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష ప్రమాద బీమా గురించి కూడా కనుక్కుని ఉంచుకోండి.

వ్యవధి ఉంటే, చెట్టు ఇంటికీ దారికీ దూరంగా ఉంటే, కొట్టడానికి ముందే వేరును నీరసింపజేసే ఉపాయం ఒకటుంది. ఛాతీ ఎత్తున మాను చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలిచేసి, కట్టె మీద మిగిలే జిగురు పొరను కూడా కత్తి అంచుతో గీకేయాలి. నీళ్లు లోపలి కట్టెలోంచి పైకి పోతూనే ఉంటాయి కాబట్టి చెట్టు వెంటనే ఎండదు. ఆకు వండిన తిండి మాత్రం బెరడులోంచి దిగాలి, ఆ దారి మూసుకుపోతుంది. వేరు ఉన్నది తిని ఖాళీ అవుతుంది. మన మండువా లోగిళ్ల స్తంభాలకు వచ్చిన రంగూన్ టేకును బర్మా అడవుల్లో ఇలాగే బెరడు ఒలిచి, రెండు మూడేళ్లు నిలబెట్టి ఎండనిచ్చి, అప్పుడు కొట్టి ఐరావతి నదిలో తేల్చేవాళ్లు. పచ్చి టేకు నీటిలో మునుగుతుంది కనక వాళ్లకు ఆ అవసరం వచ్చింది. మనకు కావలసింది దాని రెండో ఫలితం, వేరు ఖాళీ కావడం. ఒలిచిన చోటుకు దిగువన వచ్చే పిలకలను మాత్రం తీసేస్తూ ఉండాలి, లేకపోతే అవి వేరును పోషిస్తాయి. ఎండిన చెట్టు తుపానుకు విరుగుతుంది కాబట్టి ఇంటి మీదికి, రోడ్డు మీదికి, తీగల మీదికి వాలే చోట ఈ పని పెట్టుకోవద్దు. బెరడు ఒలవడమూ చెట్టును చంపడమే, అనుమతి దీనికీ ముందే కావాలి.

ఎప్పుడు కొట్టాలన్నదీ ముఖ్యమే. ఆకు రాల్చి మళ్లీ చిగిర్చే చెట్టు ఆ కొత్త చిగురు కోసం వేళ్లలోని నిల్వను ఖర్చు పెడుతుంది. వేప ఉగాది వేళకు కొత్త ఆకు తొడుగుతుంది. ఆ ఆకు విప్పుకుని ఇంకా ముదరని రోజుల్లో కొడితే వేరు అప్పటికే బలహీనంగా ఉంటుంది. కార్తీకం, మార్గశిరాల్లో, వానాకాలమంతా తిని బలిసిన చెట్టును కొడితే పిలకలు విరగబడి వస్తాయి.

ఇక కోత. మోడును తవ్వి తీసే ఉద్దేశం ఉంటే ఛాతీ ఎత్తు మిగల్చండి, గొలుసు కట్టి లాగడానికి ఆ ఎత్తే పట్టు. నేలలోనే చంపే ఉద్దేశం ఉంటే వీలైనంత కిందికి, మట్టి తీసి మరీ కోయండి. ఈ రెంటిలో ఏదో ముందే తేల్చుకోకుండా మోకాలెత్తు వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. లాగడానికి పట్టు చాలదు, పిలకలకు మాత్రం కావలసినంత బెరడు దొరుకుతుంది. కోశాక మోడు చుట్టూ మట్టి జానెడు లోతు తీసి, అక్కడిదాకా బెరడంతా గొడ్డలితోనో బాడిశతోనో చెక్కేయండి. నిద్రపోయే మొగ్గలు చాలా మటుకు ఆ బెరడుతోనే పోతాయి. పచ్చిగా ఉన్నప్పుడు అట్టలు అట్టలుగా ఊడొస్తుంది, వారం ఆగితే కట్టెకు అంటుకుపోతుంది. కాబట్టి కొట్టిన రోజే ఆ పనీ ముగించుకోండి. ఆ గంట శ్రమ తర్వాత ఎన్నో రాకపోకలు తగ్గిస్తుంది. చెక్కిన మోడు మీద పాత నల్ల పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేసి తొక్కితే వెలుతురు అందక, వచ్చిన పిలక కూడా పాలిపోయి తీగలా సాగుతుంది.

తర్వాత పిలకలు తీయడం. అరటి తోటలో పక్క పిలకలు తీసిన చేతులకు ఈ పని నేర్పనక్కర్లేదు. గెల వేసేదాకా విడవకుండా తీస్తూ ఉండకపోతే తల్లి చెట్టు తిండి పిలకల పాలవుతుందని మనకు తెలుసు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది అంతే, తల్లి వేరు తిండి పిలకలకు ఖర్చయిపోవాలి, పిలకలు ఏమీ తిరిగి ఇవ్వకూడదు. వానాకాలంలో రెండు మూడు వారాలకోసారి, వేసవిలో నెలకోసారి చూడాలి. పిలక జానెడు ఎత్తులో, ఆకు లేతగా ఉండగానే తీయాలి, అయితే కత్తితో కోయకండి. కోస్తే అడుగున అంగుళం మిగులుతుంది, ఆ అంగుళంలో నాలుగైదు మొగ్గలుంటాయి, ఒకటి పోయినచోట గుత్తి లేస్తుంది. బొటనవేలు పిలక మొదట్లో ఆనించి, కిందికీ పక్కకూ ఒక్క ఊపున విరవండి. చిన్న బెరడు ముక్కను వెంట లాక్కుంటూ టప్పున ఊడొస్తుంది. మోడు మీద వేలి గోరంత తెల్లటి మచ్చ మిగిలిందంటే మొగ్గ కుదురు వచ్చేసినట్టు. మచ్చ లేకుండా పుల్ల విరిగినట్టు విరిగితే ఉలి తీసుకుని ఆ చోటు చెక్కేయండి. ఇలా ఒక వానాకాలం వరస తప్పకుండా చేస్తే చాలా మోడులు నీరసిస్తాయి. రెండో విడత కన్నా మూడో విడత పిలకలు సన్నగా, తక్కువగా రావడం కంటికి కనిపిస్తుంది. పెద్ద కానుగ, కోనోకార్పస్ లాంటివి రెండో వానాకాలం దాకా పోరాడతాయి. అది ముందే చెప్పి ఉంటే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

కానుగకూ వేపకూ మోడు దగ్గరే కాదు, నాలుగు గజాల దూరంలో వేరు మీద నుంచి కూడా పిలకలు వస్తాయి. పైన విరిస్తే సరిపోదు, మట్టి తీసి వేరును చూసి, అటూ ఇటూ నరికి ఆ ముక్కను తీసేయాలి. అయితే అది కొట్టేసిన చెట్టు వేరేనా, గోడ అవతల పక్కింటివాళ్ల చెట్టుదా అన్నది చూసుకోవాలి. పక్కవారి చెట్టు వేరు నరికి తగువు తెచ్చుకోవద్దు.

రావి మొలక గోడలో ఉంటే దాన్ని మోడు కన్నా గట్టి శత్రువుగా తీసుకోండి. పక్షి వేసిన విత్తనం సున్నపు గోడ పగుల్లో పడి మొలుస్తుంది. పైపైన కోస్తూ పోయినకొద్దీ వేరు లోపల లావెక్కి ఇటుకలను విడదీస్తుంది. చిటికెన వేలంత ఉన్నప్పుడే సున్నం గీరి వేరు కనిపించేదాకా తవ్వి లాగేసి, పగులు పూడ్చాలి. వేరు మణికట్టు లావైపోతే తాపీ మేస్త్రిని పిలిచి రెండు వరసల ఇటుకలు విప్పించడమే మార్గం. గుడి గోడ మీదో, అరుగు పక్కనో రావిని ముట్టుకోవడానికి ఇంటివాళ్లు వెనకాడితే తొందర పెట్టొద్దు. పూజ చేయించుకుని పిలవమనండి, అంతదాకా పని ఆగినా నష్టం లేదు.

తొడ లావు దాకా ఉన్న మోడులను ఊరికే చంపుతూ కూర్చోవడం కన్నా తవ్వి తీసేయడమే లాభమని నా అభిప్రాయం. మనది ఒండ్రు నేల, గునపం దిగుతుంది. మోడుకు రెండడుగుల దూరంలో చుట్టూ కందకం తీసి, పక్క వేళ్లు నరికి, చైన్ పుల్లీతో ఒరగదీస్తే అడుగు వేరు తెలుస్తుంది. నడి వానాకాలంలో నాలుగడుగులు తవ్వేసరికి ఊట నీళ్లు వస్తాయి కాబట్టి వానలు వెనకపట్టి, నేల ఇంకా మెత్తగా ఉన్న రోజులు అనుకూలం. గొయ్యి పూడ్చేటప్పుడు పొరలు పొరలుగా తొక్కుతూ పూడ్చండి. మోడు నేలలోనే కుళ్లబెట్టిన చోట ప్రహరీ పునాది వేయొద్దని ఇంటివాళ్లకు చెప్పండి. వేళ్లు కుళ్లాక నేల కుంగి గోడ బీటలిస్తుంది.

జేసీబీతో తవ్వే ముందు, మోడుకు నిప్పు పెట్టే ముందు, మన ప్రాంతంలో తప్పకుండా చూడవలసింది గ్యాస్ పైపులైను. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊళ్లో గెయిల్ పైపులైను లీకై గ్యాస్ ఊరి మీద కమ్ముకుని, నిప్పు అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లూ కొబ్బరి చెట్లూ మాడిపోయాయి. అప్పనపల్లికి నగరం ఎంత దూరం? ఈ తోటల కిందుగా పోయే లైన్ల వెంట గుర్తు స్తంభాలు పాతి ఉంటాయి, వాటి మీద అత్యవసర ఫోన్ నంబరు కూడా రాసి ఉంటుంది. స్తంభం కనిపించిన దరిదాపుల్లో గునపం వేయకుండా ఆ నంబరుకు ఫోన్ చేయండి. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం లైను పోయే ఆ పట్టీలో రైతు సొంత భూమే అయినా చెట్టు నాటకూడదు. కాబట్టి అక్కడ మోడు తిరిగి చెట్టు కావడమూ కుదరదు, మన ఇష్టం వచ్చినట్టు తవ్వడమూ కుదరదు. సంస్థ మనిషి దగ్గరుండగా పని జరగాలి. ఆ పట్టీకి దూరంగా ఉన్నా మోడులో నిప్పు వేయడాన్ని నేను ఒప్పుకోను. పచ్చి మోడు పైన మాత్రమే మాడుతుంది, వేరు వెంట నిప్పు రోజుల తరబడి రగులుతుంది, అడుగునుంచి పిలకలు వస్తూనే ఉంటాయి.

మందుల సంగతి. దుకాణంలో దొరికే గడ్డిమందుల్లో పారాక్వాట్ తగిలిన ఆకును మాడుస్తుందే తప్ప వేరులోకి దిగదు, మోడు మీద పోస్తే దండగ. పైగా పొరపాటున మింగితే దానికి విరుగుడు లేదు, వట్టి చేతులతో ముట్టుకోవలసిన సరుకు కాదది. గ్లైఫోసేట్ వేరులోకి దిగేదే. కోసిన కొద్ది నిమిషాల్లో అంచున ఉన్న ఆ పచ్చటి గీతకు పూస్తేనే పనిచేస్తుంది, ఎండిన మోడు నడుమ రంధ్రం చేసి పోస్తే చేయదు. కానీ 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని పురుగుల నివారణ (పెస్ట్ కంట్రోల్) లైసెన్సు ఉన్నవారికే పరిమితం చేసింది. లైసెన్సు లేని మనం ఎవరో డబ్బా తెచ్చిచ్చారని పూయకూడదు. చట్టం పక్కన పెట్టినా, బావి పది గజాల్లో ఉంటుంది, పెరటి వెనకే కాలవ, కాలవ పక్కన రొయ్యల చెరువు. ఒకే జాతి చెట్లు పక్కపక్కన ఉంటే నేలలో వాటి వేళ్లు అతుక్కుని ఉండొచ్చు, చావవలసిన మోడుకు పూసిన మందు బతకవలసిన చెట్టుకు చేరొచ్చు. ఇవన్నీ చూసుకుంటే బొటనవేలే మంచి పనిముట్టు.

ఉప్పు పోయమని చెప్పేవాళ్లున్నారు. కొబ్బరికి మొదట్లో ఉప్పు వేసే అలవాటు ఉంది కాబట్టి మనవాళ్లకు ఉప్పంటే భయం లేదు. కానీ రాజోలు వైపు శంకరగుప్తం డ్రైను వెంట సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు తలలు పోయి మోడులుగా నిలబడ్డాయి. కొబ్బరే తట్టుకోలేనంత ఉప్పు నిమ్మకూ మామిడికీ కూరపాదులకూ ఏం చేస్తుందో ఆలోచించండి. ఇంగువ పెట్టడం, కిరసనాయిలు పోయడం, యాసిడ్, పాదరసం లాంటివి ఎవరు చెప్పినా చేయొద్దు. పాదరసం నేలలోంచి పోదు, యాసిడ్ ముందు కాల్చేది మన చేతులనే.

ఇదే విద్యను పూర్తిగా తిప్పి వాడేవాళ్లూ ఉన్నారు. పేపరు మిల్లులకు జామాయిల్, సుబాబుల్ వేసే రైతులకు మోడు తిరిగి లేవడమే పెట్టుబడి లేని రెండో పంట. వాళ్ల తోటలో కోతకు వెళితే బెరడు చీలకుండా, నున్నగా, నీళ్లు జారేలా కాస్త వాలుగా కోయాలి. పిలకలు వచ్చాక బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి. ఇంటి పెరట్లో చేసినట్టు అక్కడ బెరడు చెక్కేస్తే రైతు పంట పోతుంది. అందుకే రంపం తీసేముందు ఆ మొదటి ప్రశ్న ఎక్కడైనా అడగవలసిందే.

చివరగా డబ్బు. చెట్టు కొట్టే కూలి కొట్టిన రోజే తీసుకోండి, అందులో బాకీ పెట్టొద్దు. మోడు పనికి వేరుగా మాట్లాడండి: బెరడు చెక్కి పట్టా కప్పడానికి ఇంత, ఆ తర్వాత వచ్చిన ఒక్కో రాకకు ఇంత. ఎన్ని రాకలో ముందే గంపగుత్తగా ఒప్పుకోవద్దు. చెట్టు జాతిని బట్టి, వానలను బట్టి అది మారుతుంది. దింపుకు ఎలాగూ ఆ తోటకు వెళతారు కాబట్టి ఒక రాక దానితో కలిసిపోతుంది, అయితే దింపుకూ దింపుకూ మధ్య వానాకాలంలో ఇంకోసారి వెళ్లక తప్పదు. ఆ మధ్య రాక ఖర్చు ఇంటివాళ్లకు భారమనిపిస్తే పిలకలు ఎలా విరవాలో ఇంటి అమ్మగారికి చేసి చూపించండి. పని పోతుందని భయపడక్కర్లేదు, ఆ ఇంట్లో తర్వాతి చెట్టు పని మీదే. వెళ్లిన ప్రతిసారీ మోడును ఫోన్లో ఒక ఫొటో తీసి తారీఖుతో ఉంచుకుంటే, పిలకలు తగ్గుతున్న తీరు చూపించి కూలి అడగడానికి మాటల అవసరం ఉండదు.

మోడు చచ్చిందని ఎప్పుడు చెప్పాలి? ఒక వానాకాలమంతా ఒక్క పిలకా రాకపోయాక, నేల కింద మిగిలిన బెరడును ఉలితో ఎత్తి చూడండి. లోపల తడిగా, పచ్చగా కనిపిస్తే ఇంకా ప్రాణం ఉన్నట్టే, మరో రెండు రాకలు ఉన్నాయని చెప్పండి. గోధుమ రంగులో పొడిగా, పొట్టులా రాలిపోతే, వేరు నరికినప్పుడు రసం ఊరకపోతే, పని అయిపోయింది. ఇంటాయనను పిలిచి ఆ ముక్క చేతిలో పెట్టి, చివరి రాక కూలి అడగండి.